గేరు కిర్రుమనకపోవడం వెనక కథ

డ్రైవింగ్ స్కూల్లో చేరిన నెలకల్లా గేర్లు చప్పుడు లేకుండా పడిపోతుంటాయి. ఇంకేముంది, మన చెయ్యి తిరిగిపోయిందని నమ్మకం! నిజానికి ఆ గొప్పలో సగానికి పైగా గేర్‌బాక్సులో కూర్చున్న ఓ చిన్న ఇత్తడి రింగుకి చెందాలి. అది రాకముందు ఓ ముప్ఫై ఏళ్లకు పైగా జనం పడ్డ తిప్పలు తెలిస్తే మీరూ ఇదే అంటారు.

1891లో ఫ్రాన్సులో ఎమిల్ లెవస్సోర్ తన పనార్ కారులో పెట్టిన ఏర్పాటు చాలా సింపుల్. షాఫ్టు మీద పళ్ల చక్రాన్ని పక్కకి జరిపి, తిరుగుతున్న ఇంకో చక్రం పళ్లలోకి తోసేయడమే. రెండిటి వేగం కలవకపోతే పన్నూ పన్నూ కొట్టుకుంటాయి. మొరటుదే కానీ పని చేస్తుంది అని ఆయనే అన్నాడని చెప్పుకుంటారు. మన భాషలో చెప్పాలంటే, బగ్ ఫిక్స్ చెయ్యకుండా యూజర్ మాన్యువల్లో రాసి వదిలేశారన్నమాట :)

ఆ మాన్యువల్లోని ఉపాయమే డబుల్ క్లచ్. మూడో గేర్లో ఇంజను 2000 ఆర్‌పీఎం మీద తిరుగుతోందనుకుందాం. అదే స్పీడులో రెండో గేరుకి రావాలంటే సుమారు 3000 కావాలి. అందుకని క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తేవాలి, క్లచ్ వదలాలి, యాక్సిలరేటర్ ఒక్క తొక్కు తొక్కి లోపలి షాఫ్టు వేగం పెంచాలి, మళ్లీ క్లచ్ తొక్కి అప్పుడు గేరెయ్యాలి. మీటర్ చూసే తీరిక ఉండదు, అంతా చెవితోనే. ఘాట్ రోడ్డు దిగుతూ లెక్క తప్పితే గేరు పడదు, బండి న్యూట్రల్లో దొర్లుతుంటుంది. ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం.

ఫోర్డ్ ఈ గొడవే లేకుండా చేశాడు. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర అమ్ముడైన మోడల్ టీలో గేర్లు పెడల్ తొక్కితే మారేవి. పళ్లని పళ్లలోకి తొయ్యక్కర్లేదు. కాకపోతే ముందుకెళ్లడానికి ఉన్నవి రెండే గేర్లు. దాని తర్వాత వచ్చిన మోడల్ ఏలో మామూలు గేర్‌బాక్సు పెట్టేసరికి ఆ గరగర మళ్లీ తిరిగొచ్చింది.

అసలు పరిష్కారం అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ థాంప్సన్‌ది. 1928లో కాడిలాక్ దాన్ని కార్లలోకి తెచ్చింది, పేరు సింక్రోమెష్. పళ్లు కలిసేముందు శంకువు ఆకారంలో ఉన్న రెండు ముక్కలు ఒకదానికొకటి రాసుకుంటాయి. ఆ రాపిడికి వేగాలు సమానమవుతాయి, ఆ తర్వాతే పళ్లు కలుస్తాయి. వేగాలు కలిసేదాకా లోపలికి పోనివ్వకుండా అడ్డుపడే రింగులు తర్వాత వచ్చాయి. నెట్‌వర్కింగ్ వాళ్లకైతే హ్యాండ్‌షేక్ అంటే చాలు. ఇదే థాంప్సన్ తర్వాత హైడ్రామాటిక్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు పనికీ నాయకత్వం వహించాడు. ఈయన పేరు మన మెకానికల్ మిత్రుల్లో ఎంతమందికి తెలుసో!

కాడిలాక్‌లోనూ మొదట రెండు, మూడు గేర్లకే ఈ సదుపాయం. 1952లో పోర్షె 356 లాంటి వాటిలో నాలుగు గేర్లకీ ఇది ఉండేది. మన పాత అంబాసిడర్లలో ఫస్ట్ గేరుకి సింక్రోమెష్ లేదు. బండి పూర్తిగా ఆగాకే ఫస్ట్ వెయ్యమని పాతకాలం డ్రైవర్లు కసురుకునేది అందుకే, చాదస్తం కాదు. 1983 చివర్లో మారుతి 800 వచ్చాక ఆ తిట్లూ తగ్గాయి. రివర్స్ గేరు మాత్రం ఇప్పటికీ చాలా కార్లలో పాత పద్ధతే. బండి ఇంకా కదులుతుండగా వేసి చూడండి, 1891 నాటి చప్పుడు వినిపిస్తుంది.

2014లో సెలేరియోతో మన దగ్గరికొచ్చిన ఏఎంటీలోనూ లోపల ఉన్నది ఈ మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్, లివర్ పని మెషీన్ చేస్తుంది. గేరు మారేటప్పుడు తల కాస్త ముందుకి ఊగుతుందే, అది క్లచ్ విడిపోయి, రింగు తన పని ముగించుకుని, క్లచ్ మళ్లీ కలిసేదాకా ఇంజను బలం చక్రాలకి అందకపోవడం వల్లే.