బికమింగ్ యాన్ ఔట్‌డోర్స్ ఉమన్

18 ఏళ్లు నిండిన మహిళలకు వేట, చేపలు పట్టడం, ఆరుబయట జీవన నైపుణ్యాలు నేర్పే అమెరికా శిక్షణ కార్యక్రమం.

ఆవిర్భావం: వేటకు, గాలానికి మహిళలను దూరం చేస్తున్న కారణాలపై 1990లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం స్టీవెన్స్ పాయింట్ ప్రాంగణంలో సదస్సు జరిగింది. నేర్చుకునే అవకాశాలు లేకపోవడం వంటి అడ్డంకులను అందులో గుర్తించారు. వాటిని తొలగించేందుకు సహజ వనరుల ఆచార్యురాలు క్రిస్టీన్ థామస్ 1991లో తొలి శిబిరం నిర్వహించారు. తర్వాత ఈ కార్యక్రమం అనేక రాష్ట్రాలకు, కెనడాకు విస్తరించింది.

శిక్షణ: శిబిరాలు సాధారణంగా శుక్రవారం నుంచి ఆదివారం వరకు జరుగుతాయి. పాఠాలు ప్రధానంగా మూడు పాయలు: వేట-గురి; చేపలు పట్టడం; పడవ నడపడం, దిక్సూచి వాడకం వంటి ఇతర విద్యలు. తుపాకీ పాఠం భద్రతతో మొదలవుతుంది: ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే భావించాలి, గొట్టాన్ని మనుషులవైపు తిప్పకూడదు, కాల్చబోయేదాకా ట్రిగ్గర్‌పై వేలు పెట్టకూడదు. ఈగలాంటి కృత్రిమ ఎరతో చేపలు పట్టే ఫ్లై ఫిషింగ్‌లో గాలపు గడను వెనక్కి ఊపాక, దారం వెనుక పూర్తిగా సాగేదాకా ఆగి ముందుకు విసరాలి. ఈ ఆగడమే కొత్తవారికి కష్టం.

ప్రాధాన్యం: అమెరికాలో వేట, చేపల లైసెన్సు రుసుములు, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద ఆయుధాలపై వచ్చే పన్ను వన్యప్రాణి సంరక్షణకు ముఖ్య ఆదాయం. మహిళల రాక ఆ ఆదాయానికి ఊతం. అంతకన్నా విలువైనది, అడవిలో, నీటిపై ఒకరిపై ఆధారపడకుండా మెలగగల ధైర్యం వారికి దక్కడం.