కాళ్లు బిగియు వ్యాధి: పొదిలి నుండి కృష్ణగిరి వరకు

కదలవలెనను సంకల్పము మనస్సున నుండియు కాలు మాట వినని దురవస్థను మన ప్రాచీన వైద్యులెరుగుదురు. మాధవనిదానమున ‘కలాయఖంజము’ అను వాతవ్యాధి యొకటి చెప్పబడినది. నడువ నారంభింపగనే దేహము వణకును; అడుగు కుంటువడును. 16వ శతాబ్దపు భావప్రకాశము త్రిపుటధాన్యము, అనగా కేసరిపప్పు, మనుజుని కుంటివానిని చేయునని చెప్పినది. ఆ పప్పులోని నాడీవిషమును ఎస్. ఎల్. ఎన్. రావు, పి. ఆర్. ఆదిగ, పి. ఎస్. శర్మగారలు 1964లో వేరుపరచి చూపిరి. ఆ పని జరిగినది హోసూరునకు కూతవేటు దూరమని చెప్పదగిన బెంగుళూరు విజ్ఞానసంస్థలోనే.

అయితే తెలుగునేలను ఎక్కువగ బాధించినది పప్పు కాదు, నీరు. 1930 తరువాతి సంవత్సరములలో నాటి నెల్లూరు జిల్లా మెట్ట రైతులు తమ ఎడ్లు కీళ్లు బిగిసి నడువలేకుండుటను గమనించిరి. దుక్కికి కట్టిన యెద్దు అడుగు వేయకున్న రైతునకు తెలియకుండునా? అదే బాధ మనుష్యులయందును కలదని పిమ్మట తేలినది. 1937లో గిండీలోని కింగ్ సంస్థకు చెందిన షార్ట్ దొరయు, పండిట్, రాఘవాచారిగార్లును నెల్లూరు మండలపు ఫ్లోరోసిస్‌ను గూర్చి వ్యాసము ప్రకటించిరి. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు ఇందుచే వైద్యచరిత్రకెక్కినవి. షార్ట్ దొర పేరు గ్రంథములందున్నది. ఎడ్లను మొదట గమనించిన రైతుల పేర్లు మాత్రము ఎచ్చటను లేవు. ఇది నాకు న్యాయముగ తోచదు.

ఈ వ్యాధి నడచు తీరు విచిత్రము. మెదడునకు లోపము లేదు. కండరమునందును మొదట దోషము లేదు. నల్లరాతి పొరలలోని ఖనిజములనుండి ఫ్లోరైడు బావినీటిలో కరగును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగిన, అది ఎముకలలో చేరి వానిని దళసరి చేయును. వెన్నుపూసలను కలుపు బంధనములు సయితము ఎముకలుగ మారును. వెన్నుపాము పోవు నాళము ఇరుకై, ముఖ్యముగ మెడకడ, నరముల త్రోవ నొత్తివేయును. అంతట మెదడునుండి దిగవలసిన ఆజ్ఞ సరిగా దిగదు. కండరములను అదుపున నుంచు పట్టు తప్పును. కాళ్లు కర్రలవలె బిగియును. మోకాటిచిప్ప క్రింద తట్టిన కాలు ఎగిరిపడును. తుదకు నడక ఆగును. శస్త్రచికిత్సచే ఒత్తిడి తగ్గింప జూతురుగాని, ఆ ఎముకల నడుమ అది కష్టసాధ్యము. ఫలమును నిశ్చయము కాదు.

నల్లగొండ జిల్లా వృత్తాంతమును సిద్దిఖీగారు 1955లో బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటించిరి. పిమ్మట హైదరాబాదు నాడీశస్త్రవైద్యులు దేమె రాజారెడ్డిగారు ఈ వ్యాధి నరములకు చేయు హానిని విశేషముగ పరిశీలించిరి. (ప్రాచీన నాణెముల పరిశోధకులుగ మన చరిత్రకారులెరిగిన రాజారెడ్డిగారు వీరే.) నాగపూరు పర్యావరణ పరిశోధనసంస్థవారు 1970 తరువాతి దశకమున పటిక, సున్నము, బ్లీచింగు పొడులతో నీటిని శుద్ధిచేయు పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టిరి. ఒక జిల్లాకు ఇట్టి కీర్తి కోరదగినది కాదు.

మన హోసూరు సీమయు ఇట్టి రాతినేలయే. సేలమునుండి 1965లో ధర్మపురి, దానినుండి 2004లో కృష్ణగిరి జిల్లాలు వేరుపడినను, బావినీటి ఫ్లోరైడు రెంటికిని ఉమ్మడి సొత్తుగ మిగిలినది. జపాను ఋణసాహాయ్యముతో కావేరినీటిని ఈ రెండు జిల్లాలకు తెచ్చు హొగెనకల్ పథకము 2008లో మొదలై 2013లో ప్రారంభోత్సవము జరుపుకొన్నది. దాని పేరులోనే ఫ్లోరోసిస్ నివారణ అను మాట కలదు. హోసూరు పట్టణముతో కలసిపోయిన మూకండపల్లిలో నేడు కర్మాగారముల సందడి మెండు. బావిగట్టున నీరు చేదుకొన్న కాలమును పెద్దలే చెప్పవలెను. కావేరినీరు పసిపిల్లల ఎముకలను కాపాడగలదు. బిగిసిన కాళ్లతో పంచలో కూర్చున్న ముదుసలికి మాత్రము ఆ నీరు ఆలస్యముగ వచ్చినది.