బల్దియా సరిహద్దులు: పంజాగుట్ట నుంచి చూసిన నగర చరిత్ర

 

"బడి జ్ఞాపకాలు రాయడానికి చాలామంది ఉన్నారు, నువ్వు మన ప్రాంతం చరిత్ర రాయి" అన్నారు సావనీర్ కమిటీ మిత్రులు. నలభై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ని కనుక కాదనలేకపోయాను. ఏం రాయాలా అని ఆలోచిస్తున్న రోజుల్లోనే మన వాట్సాప్ గ్రూపులో ఒక చర్చ మొదలైంది. "ఒరేయ్, మేమూ గ్రేటర్‌లోకి వచ్చేశాం రా" అని నిజాంపేటలో ఇల్లు కట్టుకున్న మిత్రుడు రాశాడు. "ఇంటి పన్ను పెరుగుతుందా అన్నా?" అని బోడుప్పల్‌లో ఉంటున్న జూనియర్ అడిగింది. అమీన్‌పూర్ మిత్రుడికి నీళ్ల దిగులు. మణికొండ మిత్రుడికేమో, పని పడితే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియడం లేదు.

పన్ను, నీళ్లు, అడగాల్సిన మనిషి. నగరం పెరిగిన ప్రతిసారీ జనం అడిగిన ప్రశ్నలు ఈ మూడే. ఇది రాస్తున్నది 2025 డిసెంబరులో. మన బల్దియా కథను ఈ మూడు ప్రశ్నల దారిలోనే చెప్పుకుందాం.

కొత్వాలు చేతి నుంచి

హైదరాబాద్‌లో పురపాలన మొదలైంది 1869లో, మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్నప్పుడు. అప్పటి నగరం విస్తీర్ణం సుమారు 55 చదరపు కిలోమీటర్లు, జనం మూడున్నర లక్షలు. మూసీకి అవతల ఉన్న పాత నగరాన్ని నాలుగు భాగాలుగా, చాదర్‌ఘాట్ శివార్లను అయిదు భాగాలుగా చేశారు. మొదట్లో ఈ పని చూసింది కొత్వాలు, అంటే పోలీసు అధికారి. పట్టణంలో దొంగలను పట్టేవాడే చెత్త సంగతీ చూసేవాడన్నమాట. ఆ తర్వాత పురపాలన, రోడ్ల మరమ్మతుల కోసం ఒక శాఖ పెట్టి కమిషనర్‌ను నియమించారు. "బల్దియా" అన్న మాట మనకు ఆ కాలం నుంచే వస్తోంది. ఇంగ్లిష్‌లో పేరు ఎన్నిసార్లు మారినా మన బస్తీల్లో అది బల్దియాగానే ఉండిపోయింది.

1886లో చాదర్‌ఘాట్ విడిగా మున్సిపాలిటీ అయింది. 1933లో దాన్ని మళ్లీ హైదరాబాద్‌లో కలిపి, చట్టం చేసి, కార్పొరేషన్ హోదా ఇచ్చారు. మరుసటి ఏడాది తొలి ఎన్నికలు జరిగాయి. 1942లో పాలన సరిగా లేదన్న కారణంతో ఆ హోదా తీసేశారు. విడదీయడం, కలపడం, ఎన్నుకున్న వాళ్లను పక్కన పెట్టడం, ఈ మూడూ స్వాతంత్ర్యానికి ముందే మన నగరం చూసేసింది.

ఇందులో మన ఇరుగుపొరుగు కథ కూడా ఉంది. 1937లో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, వాటి చుట్టుపక్కల ప్రాంతాలతో జూబ్లీహిల్స్ మున్సిపాలిటీ అని విడిగా ఒకటి ఏర్పడింది. పంజాగుట్ట దాటి గుట్టెక్కితే వేరే మున్సిపాలిటీ అన్నమాట! 1950 నాటి చట్టంతో అది హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. 1945లో మున్సిపాలిటీ అయిన సికింద్రాబాద్‌కు అదే చట్టంతో సొంత కార్పొరేషన్ వచ్చింది. 1951లో మాడపాటి హనుమంతరావు గారు హైదరాబాద్ మేయరయ్యారు. గ్రంథాలయాల కోసం, తెలుగు చదువుల కోసం జీవితమంతా పనిచేసిన మనిషి నగరానికి పెద్దగా కూర్చోవడం ఆ తరానికి గర్వకారణం.

1960 ఆగస్టు 3న రెండు కార్పొరేషన్లూ ఒకటయ్యాయి. జంట నగరాలు అన్న పిలుపు మిగిలింది కానీ బల్దియా ఒకటే అయింది. 1962లో రాణీ కుముదినీ దేవి ఈ నగరానికి తొలి మహిళా మేయరయ్యారు. ఇంత జరిగినా సికింద్రాబాద్ కంటోన్మెంట్ మాత్రం ఇప్పటికీ వేరే బోర్డు కిందే నడుస్తోంది. పాట్నీ నుంచి బోయిన్‌పల్లి వైపు వెళ్తుంటే రోడ్డు ఒకటే, దాన్ని ఊడ్పించే యజమాని మాత్రం మధ్యలో మారిపోతాడు.

మన పేటలు, మన గుట్టలు

అమీర్‌పేట పేరు పాయిగా అమీర్ల వల్ల వచ్చిందని, పంజాగుట్ట అంటే అయిదు గుట్టలని పెద్దలు చెబుతుంటారు. ఎర్రమంజిల్ మీద ఫక్రుల్ ముల్క్ కట్టించిన మేడ, బేగంపేటలో పాయిగా వారి మేడ, వాటి చుట్టూ తోటలు, ఖాళీ జాగాలు. ఒకప్పుడు ఇదంతా నవాబులు ఊరి హడావుడికి దూరంగా ఉండడానికి ఎంచుకున్న శివారు. తర్వాత సనత్‌నగర్‌లో కర్మాగారాలు వచ్చాయి, సంజీవరెడ్డి నగర్ వెలిసింది. 1964లో పంజాగుట్టలో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి మొదలైంది. అదే నేటి నిమ్స్.

మన ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. నగరం ఎటు పెరగాలో నిర్ణయించే ఆఫీసు చాలాకాలంగా ఈ చుట్టుపక్కలే ఉంది. 1975లో పుట్టిన హుడా బేగంపేట పాయిగా ప్యాలెస్‌లో నడిచింది. 2008లో హుడా స్థానంలో హెచ్‌ఎండీఏ వచ్చింది. దాని కార్యాలయం కొంతకాలం తార్నాకలో ఉండి, తర్వాత మైత్రీవనం పక్కన స్వర్ణజయంతి కాంప్లెక్స్‌కు చేరింది. (స్వర్ణజయంతి అన్న పేరు ఈ సంచికకు కలిసొచ్చింది!) కోచింగ్ సెంటర్ల కోసం వచ్చే పిల్లలతో కిక్కిరిసిన ఆ రోడ్డులోనే, ఎక్కడో ఘట్‌కేసర్‌లోనో శంకర్‌పల్లిలోనో వేసిన లేఅవుట్ మ్యాపు పట్టుకుని తిరిగే మనిషీ కనబడతాడు. పల్లెలు పట్నంగా మారే పని కాగితం మీద మన అమీర్‌పేటలో జరిగింది.

కౌన్సిల్‌లో ఏం జరుగుతుంది?

కౌన్సిల్ సమావేశం అనగానే మనకు టీవీలో చూసిన గొడవే గుర్తొస్తుంది. ఎజెండా పుస్తకం తిరగేస్తే వేరే లోకం కనబడుతుంది. ఫలానా రోడ్డు వెడల్పుకు ఎంత స్థలం సేకరించాలి, ఫలానా నాలా మీద పైకప్పు పనికి ఎంత మంజూరు చేయాలి, చెత్త బండ్ల అద్దె ఎంత, వీధి దీపాల నిర్వహణ ఎవరికి, పార్కుకు ఎవరి పేరు. మొదట ప్రశ్నోత్తరాలు, తర్వాత స్టాండింగ్ కమిటీ పంపిన అంశాలు, చివర్లో అప్పటికప్పుడు పెట్టే "టేబుల్ ఐటమ్స్". ఏడాదికోసారి బడ్జెట్. చదివితే నిద్రొచ్చే కాగితాలే కానీ, మన గల్లీలో వాన నీళ్లు నిలుస్తాయా లేదా అన్నది ఆ కాగితాల్లోనే తేలుతుంది.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కౌన్సిల్ చేతిలోని పనులు కాలక్రమంలో తగ్గుతూ వచ్చాయి. నగర ప్రణాళిక చాలావరకు 1975లో హుడాకు వెళ్లింది. మంచినీళ్లు, మురుగునీటి లైన్లు 1989లో జలమండలికి వెళ్లాయి. అందుకే అమీన్‌పూర్ మిత్రుడికి నా జవాబు ఇది: నీళ్ల కోసం జలమండలిని అడగాలి. రోడ్డు, చెత్త, వీధి దీపం, వాననీటి నాలా, జనన మరణ ధ్రువపత్రం, ఇంటి పన్ను మాత్రం బల్దియావి.

సరిహద్దు మార్చే అధికారం కూడా కౌన్సిల్‌ది కాదు. చట్టం ప్రకారం ప్రభుత్వం కార్పొరేషన్‌ను సంప్రదించి, గెజెట్‌లో ప్రకటించి, నగర హద్దులు పెంచవచ్చు, తగ్గించవచ్చు. కౌన్సిల్ అభిప్రాయం చెబుతుంది, నిర్ణయం సచివాలయంలో జరుగుతుంది.

నాలాకు హద్దు తెలియదు

అసలు కలపడం ఎందుకు? అవతలి ఊళ్లను వాటి మానాన వదిలేస్తే పోదా అని అడిగేవాళ్లున్నారు. దానికి జవాబు 2000 ఆగస్టు 24న మన కళ్ల ముందే కనబడింది. ఆ ఒక్క రోజులో నగరంలో 24 సెంటీమీటర్ల వాన పడింది. బేగంపేట కాలనీలు మునిగాయి, జనం మేడల మీదికెక్కి సాయం కోసం ఎదురుచూశారు.

ఆ నీళ్లు ఎక్కడివి? కూకట్‌పల్లి నాలా పైన చెరువుల దగ్గర మొదలై, సనత్‌నగర్ పక్కగా, బేగంపేట మీదుగా హుస్సేన్‌సాగర్‌లో కలుస్తుంది. అప్పటికి కూకట్‌పల్లి వేరే మున్సిపాలిటీ. పైన చెరువు శిఖంలో ప్లాట్లు వేస్తే ఆపాల్సింది ఒకరు, కింద మునిగేది మరొకరు. పైవాళ్ల కౌన్సిల్‌ను కిందివాళ్లు ప్రశ్నించలేరు, కిందివాళ్ల బడ్జెట్ పైనున్న చెరువుకు అందదు. నీళ్లు పారే దారంతా ఒకే పాలన కింద ఉండాలన్న వాదనకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం నాకు కనబడలేదు.

2007 ఏప్రిల్ 16న గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడింది. కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, శేరిలింగంపల్లి, మల్కాజిగిరి, అల్వాల్, కాప్రా, ఉప్పల్, ఎల్బీనగర్, గడ్డిఅన్నారం, రాజేంద్రనగర్, రామచంద్రాపురం, పటాన్‌చెరు, మొత్తం 12 మున్సిపాలిటీలు కలిశాయి. సుమారు 170 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్కసారిగా 625 దాటింది. 2011 జనాభా లెక్కల్లో గ్రేటర్ జనం 67 లక్షలు.

కలిపితే వరద ఆగిందా? ఆగలేదు. 2020 అక్టోబరు వానలకు నగరం మళ్లీ మునిగింది. అయితే ఒక తేడా వచ్చింది. పైనున్న చెరువుకూ కిందనున్న కాలనీకీ జవాబు చెప్పాల్సిన ఆఫీసు ఇప్పుడు ఒక్కటే. "అది మా పరిధి కాదు" అనే వీలు తగ్గింది.

ఖాళీ కుర్చీలు

ఇక మూడో ప్రశ్న, అడగాల్సిన మనిషి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే.

కొన్ని తేదీలు వరుసగా పెట్టి చూడండి. 1970లో కౌన్సిల్ గడువు ముగిసింది. మళ్లీ ఎన్నికలు 1986లో జరిగాయి. 1991లో ఆ కౌన్సిల్ పోయాక మళ్లీ ఎన్నిక 2002లో. 2007 మొదట్లో ఆ గడువూ తీరిపోయింది. తర్వాతి ఎన్నిక 2009 నవంబరులో, 150 వార్డులతో. బండ కార్తీకరెడ్డి గ్రేటర్ తొలి మేయరయ్యారు. అంటే 1970 నుంచి 2009 దాకా 39 ఏళ్లలో నగరానికి ఎన్నికైన కౌన్సిల్ ఉన్నది సుమారు పదేళ్లు. మిగతా కాలమంతా స్పెషల్ ఆఫీసర్ల పాలనే. మనం బడికి వెళ్లిన డెబ్బయ్యో దశకంలో ఈ నగరంలో కార్పొరేటర్ అనే మనిషే లేడు. పౌరశాస్త్రం పుస్తకంలో మేయర్ విధులు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం కానీ ఒక్క మేయర్‌నూ చూసి ఎరగం!

హుడా పుట్టింది ఆ పదహారేళ్ల ఖాళీలోనే. జలమండలి వచ్చిన కాలానికి మాత్రం కౌన్సిల్ ఉంది. 2007లో గ్రేటర్ ఏర్పడిన రోజుకు మాత్రం మళ్లీ కుర్చీలు ఖాళీ. నగరం చరిత్రలో అంత పెద్ద మార్పు జరిగిన నాడు చర్చించడానికి ఎన్నికైన నగర కౌన్సిల్ లేదు.

ఇప్పటి సంగతి చూద్దాం. 2025 నవంబరు చివరి వారంలో విలీన ప్రతిపాదన గ్రేటర్ కౌన్సిల్ ముందుకొచ్చి ఆమోదం పొందింది. ఆ వారంలోనే రాష్ట్ర మంత్రివర్గమూ నిర్ణయం తీసుకుంది. అవుటర్ రింగు రోడ్డు వరకు, దాన్ని ఆనుకుని ఉన్న 27 పట్టణ సంస్థలు, అంటే 20 మున్సిపాలిటీలు, 7 కార్పొరేషన్లు కలిశాయి. శంషాబాద్, నిజాంపేట, బోడుప్పల్, మణికొండ, నార్సింగి, అమీన్‌పూర్, జవహర్‌నగర్, మేడ్చల్ అన్నీ అందులోవే. నగరం 2,000 చదరపు కిలోమీటర్లు దాటింది. డిసెంబరులో 300 వార్డుల ముసాయిదా వచ్చింది.

ఈసారి హైదరాబాద్ వైపు కౌన్సిల్ ఉంది. కలుస్తున్న వైపు మాత్రం లేదు. 2020 జనవరిలో ఎన్నికైన అక్కడి పాలకమండళ్ల గడువు 2025 జనవరిలోనే ముగిసింది, అప్పటి నుంచి ప్రత్యేకాధికారులే. ఇంటి పన్ను గురించి అడిగిన మన బోడుప్పల్ చెల్లెలి తరఫున ఆ మాట సభలో లేవనెత్తే మనిషి ఆ రోజు ఎవరూ లేరు. గ్రేటర్ కౌన్సిల్ గడువు కూడా 2026 ఫిబ్రవరితో ముగుస్తుంది.

కలపడం తప్పని నేను అనను. నాలా కథ తెలిసినవాడెవడూ అనడు. కలపబోయే ఊరికి నోరున్నప్పుడు కలపాలన్నదే నా మాట. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ అయిదేళ్ల గడువు ముగిసేలోగా ఎన్నికలు జరపాలంటోంది. మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంటోంది. రాజ్యాంగంలో ఉన్నదాన్ని అడగడానికి మనం మొహమాటపడనక్కర్లేదు.

మనం చేయగలిగింది

నగరాలు పెరిగేటప్పుడు ఇలాంటి తగాదాలు అన్నిచోట్లా ఉన్నవే. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వేరే నగరంగా ఉండేది, 1898లో కలిసింది. కలవడానికి ముందు అక్కడి జనం ఓటు వేశారు. అవునన్నవాళ్లు స్వల్ప తేడాతో గెలిచారు. ఓడినవాళ్లకు కూడా అడిగారన్న తృప్తి మిగిలింది.

మన బ్యాచ్‌ల వాళ్లం ఒకప్పుడు పంజాగుట్ట, అమీర్‌పేట, ఎల్లారెడ్డిగూడ గల్లీల్లోనే ఉండేవాళ్లం. ఇప్పుడు 27 కొత్త ఊళ్లలో కనీసం పదింటిలో మనవాళ్లున్నారు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నాం, పెద్దయ్యాక వేరువేరు మున్సిపాలిటీలకు పన్ను కట్టాం, ఇప్పుడు మళ్లీ ఒకే బల్దియా కిందికొచ్చాం. అసోసియేషన్ పెద్దలకు ఒక మనవి. ఏడాదికోసారి జరిగే మన సమావేశంలో ఒక గంట దీనికి కేటాయించండి. ఎవరి వార్డు ఏది, వార్డు కమిటీ ఉందా, పైనున్న చెరువు ఏది, వాన నీళ్లు ఎటు పోతాయి, ఇవి రాసుకుని ఒకరికొకరు చెప్పుకుందాం. ఎన్నికలు వచ్చినప్పుడు అందరం ఓటేద్దాం. 2020లో మన నగరంలో ఓటేసింది సగం మంది కూడా కాదు.

పౌరశాస్త్రం పాఠం మనకు చెప్పిన గురువుల్లో కొందరు ఈ సంచిక చదువుతారు. వారు చెప్పిన ఆ మేయరు, ఆ కౌన్సిలు మన పిల్లలకైనా పుస్తకంలోనే కాక వీధిలోనూ కనబడాలని ఈ స్వర్ణోత్సవ వేళ కోరుకుంటున్నాను.