చందమామ మాంత్రిక సీరియళ్లు

చందమామ మాసపత్రికలో 1954 నుంచి 1978 వరకు, మధ్యలో కొన్ని విరామాలతో, నెలనెలా వచ్చిన పన్నెండు జానపద సాహస సీరియళ్లు ఇవి. రచయిత దాసరి సుబ్రహ్మణ్యం. బొమ్మలు దాదాపు అన్నిటికీ చిత్రా (అసలు పేరు టి.వి. రాఘవన్) వేశారు. మాంత్రికులు, పాడుబడ్డ గుళ్లు, భూగర్భ దుర్గాలు, సగం మనిషి సగం మృగంగా ఉండే ప్రాణులు, శవాలు, శాపాలు ఈ కథల సరంజామా. జపాన్‌లో డార్క్ ఫాంటసీ మాంగాగా పేరుపడ్డ తరహాకు తెలుగులో అన్నిటికంటే దగ్గరగా వచ్చేవి ఇవే. అయితే ఇవి గళ్లలో మాటలు రాసిన బొమ్మల కథలు కావు. పక్కపక్కనే నడిచే వచనమూ బొమ్మలూ కలిసిన సీరియళ్లు. పోల్చేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

నేపథ్యం

బి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసు నుంచి చందమామను ప్రారంభించారు. 1952లో కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వ బాధ్యతలు చేపట్టి 1980లో మరణించేదాకా నిర్వహించారు. దాసరి సుబ్రహ్మణ్యం చేరింది కూడా 1952లోనే. బేతాళ కథల బొమ్మలతో తర్వాత పేరు పొందిన శంకర్ (కె.సి. శివశంకరన్) ఆ ఏడాదే వచ్చారు. పత్రిక స్వభావం స్థిరపడింది ఈ బృందం చేతుల్లోనే.

మాంత్రికుడంటే తెలుగువాళ్లకు అప్పటికే బాగా తెలుసు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు, భట్టి విక్రమార్క కథలు ఇంటింటా చదివేవారు. 1942లో వచ్చిన జెమినీ వారి ‘బాలనాగమ్మ’లో గోవిందరాజుల సుబ్బారావు వేసిన మాయల మరాఠీ వేషం జనాన్ని వణికించింది. చందమామ అధిపతులే విజయా సంస్థ పేరుతో 1951లో తీసిన ‘పాతాళభైరవి’లో ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడిగా నటించారు. ఆ సినిమా వచ్చిన మూడేళ్లకే తొలి సీరియల్ మొదలైంది. ఒకదానికి మరొకటి నేరుగా ప్రేరణ అనడానికి గట్టి ఆధారం కనబడదు. ఒకే ఇంటి వాతావరణంలో రెండూ పుట్టాయనడం మాత్రం సబబు.

సీరియళ్ల జాబితా

మొదలైన, ముగిసిన సంవత్సరాలు జాబితానుబట్టి కొద్దిగా మారుతుంటాయి. అందుచేత ఇక్కడ దశాబ్దాలవారీగా ఇస్తున్నాం.

1950ల్లో: తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట.
1960ల్లో: జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం.
1970ల్లో: రాతిరథం, యక్షపర్వతం, భల్లూక మాంత్రికుడు, మాయాసరోవరం.

ఈ పేర్లలో ఎక్కువ భాగం చోట్ల పేర్లే: కోట, ద్వీపం, లోయ, దుర్గం, ఆలయం, పర్వతం, సరోవరం. కథానాయకుల పేర్లు శీర్షికల్లో ఎక్కడా లేవు. కథను నడిపించేది వీరుడి ప్రతాపం కాదు, ఒక భయంకర స్థలం మీద పుట్టే కుతూహలం అన్న సంగతి పేర్లలోనే తెలుస్తుంది.

రచయిత, చిత్రకారుడు

దాసరి సుబ్రహ్మణ్యం 1932లో గుంటూరు జిల్లాలో పుట్టారు. 1952 నుంచి 2006 వరకు, అంటే యాభైనాలుగేళ్లపాటు, చందమామలోనే పనిచేశారు. 2010 జనవరిలో విజయవాడలో మరణించారు. ఈ సీరియళ్లు వచ్చిన కాలంలో రచయిత పేరు వేసే అలవాటు పత్రికకు లేదు. అందువల్ల రెండు తరాల పిల్లలు ఆయన కథలు చదివారుగానీ ఆయన పేరు ఎరగరు. ఆయన వామపక్ష భావాలున్న హేతువాది అని సన్నిహితులు రాశారు. మంత్రాలను నమ్మని మనిషి ఇన్ని మాంత్రిక కథలు రాయడం కొందరికి వింతగా తోచింది. కథలను దగ్గరగా చూస్తే అందులో వింతేమీ లేదు. ఈ సీరియళ్లలో మంత్రశక్తి భక్తి విషయం కాదు. అదొక విద్య, ఒక ఆయుధం. దానికి హద్దులుంటాయి, దాన్ని వాడుకునేవాడికి ఆశలుంటాయి.

చిత్రా పత్రిక తొలినాళ్ల నుంచీ ఉన్న చిత్రకారుడు. శంకర్ బొమ్మల్లో శిల్పం లాంటి నిండుదనం, నగల పనితనం, ఆలయ శోభ కనిపిస్తాయి. చిత్రా గీతలో ప్రధానమైనది కదలిక. కత్తి ఎత్తిన చెయ్యి, వెనక్కి తుళ్లిన ఒళ్లు, మీదికి దూకబోతున్న మృగం, ఈ మూడూ ఒకే చట్రంలో ఇమిడేవి. ఆయన 1978లో మరణించారు. పెద్ద సీరియళ్ల వరుస కూడా ఇంచుమించు అప్పుడే ఆగింది. ఆకర్షణలో సింహభాగం రచయితదేనని కొందరు, బొమ్మలదేనని కొందరు అంటారు. నరవానరాన్నీ నాలుగు కళ్ల మాంత్రికుణ్ణీ పిల్లలు మొదట చూసింది బొమ్మలో, భయపడింది కథలో. కాబట్టి ఇద్దరినీ ఉమ్మడి కర్తలుగా లెక్కించడమే న్యాయంగా కనిపిస్తుంది.

కథా నిర్మాణం

ప్రతి భాగం మొదట్లో కిందటి నెల జరిగిన కథ నాలుగైదు వాక్యాల్లో ఉండేది. ఆపైన కొద్ది పేజీల కథ, పేజీకో బొమ్మ, చివర ‘ఇంకా ఉంది’. ఆ చివరి పేరాలో ఎవరో ఒకరు చీకట్లోకి అడుగు పెట్టేవారు, లేదా కొమ్మల్లోంచి ఏదో అరుపు వినిపించేది. కథ ఆగిన చోట పాఠకుడి ఊహ మొదలయ్యేది. నెల రోజులపాటు ఆ అరుపు ఎవరిదో పిల్లలే రకరకాలుగా అల్లుకునేవారు. ఒక్క బిగిన పుస్తకంగా చదివినవారికి ఈ అనుభవం సగమే దక్కుతుంది.

తోకచుక్కలో కుండలినీ ద్వీపానికి చెందిన సమరసేనుడు సైనికులతో బయలుదేరి ఇద్దరు మాంత్రికుల పగ మధ్య చిక్కుకుంటాడు. ఒకడు ఒంటికన్ను ఏకాక్షి, మరొకడు నాలుగు కళ్ల చతుర్నేత్రుడు. ఇద్దరికీ కావలసింది ఒక్కటే, శాక్తేయుడి త్రిశూలం. ఇద్దరూ భయంకరులే అయినా ఒకడు శత్రువు, మరొకడు అవసరానికి ఆసరా. దుష్టుడు ఒక్కడే ఉంటే కథ యుద్ధంతో ముగుస్తుంది. ఇద్దరుంటే ఎవరిని ఎంతవరకు నమ్మాలన్న లెక్క మొదలవుతుంది. దాసరి తొలి సీరియల్‌లోనే ఈ కిటుకు పట్టుకున్నారు.

రాకాసిలోయలో కేశవుడు, జయమల్లు, యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు, శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి, మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు: వీరులు తరచు జంటగా వస్తారు. వీరిలో అందరూ రాచబిడ్డలు కారు. శిఖిముఖి శబరుడు. సిద్ధసాధకుడు కపాలాలతో భయపెట్టే వేషంలో ఉండి కూడా మంచివాళ్ల పక్షాన నిలుస్తాడు. వేషాన్నిబట్టి మనిషిని అంచనా వేయలేని లోకం ఇది.

భయానికి నియమం

ఈ కథలు పట్టి చదివించడానికి కారణం రాక్షసుల సంఖ్య అనుకుంటే పొరపాటు. భయానికి ఒక నియమం, శక్తికి ఒక వెల ఉండడమే అసలు కారణం. ముగ్గురు మాంత్రికులు సీరియల్‌కు అరేబియన్ నైట్స్‌లోని జూదర్ కథతో పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కథలో ఒక బెస్తవాడి దగ్గరికి అపరిచితుడొకడు వచ్చి, తన చేతులు కట్టి చెరువులో తోసెయ్యమంటాడు. నీళ్ల పైకి చేతులు తేలితే వల విసిరి లాగాలి. కాళ్లు తేలితే తాను చచ్చినట్టే. మొదటివాడు చచ్చిపోతాడు. మర్నాడు రెండోవాడు వస్తాడు, వాడూ చచ్చిపోతాడు. మూడోవాడు వచ్చేసరికి పాఠకుడి చూపు మొత్తం నీటి మీదే ఉంటుంది. నియమం ముందే తెలుసు, ఇద్దరి ప్రాణం ఖర్చయింది, ఇక తెలియాల్సింది ఒక్కటే. భయం అక్కడ పుడుతుంది. ఏదైనా జరగవచ్చు అన్న కథలో పాఠకుడు ఏదీ ఆశించలేడు, కనుక దేనికీ భయపడడు. మాయల మరాఠీ ప్రాణం చిలకలో ఉండడం కూడా ఈ కోవలోని నియమమే.

జపాన్ మాంగాతో పోలిక

జపాన్‌లో ఈ ధోరణికి పాత ఉదాహరణల్లో ఒసాము తెజుకా 1967లో మొదలుపెట్టిన ‘దొరోరో’ ముఖ్యమైనది. అధికారం కోసం తండ్రి పుట్టబోయే బిడ్డ శరీరంలోని 48 భాగాలను రాక్షసులకు ధారపోస్తాడు. ఆ బిడ్డ హ్యాక్కిమారు పెద్దవాడై ఒక్కో రాక్షసుణ్ణి చంపినప్పుడల్లా ఒక్కో భాగం తిరిగి వస్తుంది. గో నాగాయ్ ‘డెవిల్‌మ్యాన్’ 1972లో వచ్చింది. కెంటారో మియురా 1989లో మొదలుపెట్టిన ‘బెర్సెర్క్’ ఈ తరహాకు శిఖరమని ఎక్కువమంది అంగీకరిస్తారు. మియురా 2021 మేలో మరణించగా, ఆయన మిత్రుడు కోజి మోరి పర్యవేక్షణలో స్టూడియో గాగా 2022 నుంచి కథను కొనసాగిస్తోంది. హజిమే ఇసాయమా ‘అటాక్ ఆన్ టైటాన్’ 2009 నుంచి 2021 వరకు సాగి 34 సంపుటాల్లో ముగిసింది. అందులో టైటాన్ అనే రాక్షసుణ్ణి చంపాలంటే మెడ వెనక భాగాన్నే నరకాలి. ఇక్కడా మొదట నియమం, ఆ తర్వాతే భయం.

తేడా ముగింపులో ఉంది. చందమామలో ఎంత కారుచీకటి కమ్మినా ధర్మం గెలుస్తుందన్న భరోసా పిల్లవాడికి ఉండేది. ‘బెర్సెర్క్’లో కథానాయకుడు గట్స్ మెడ మీది ముద్ర రాత్రి అయితే చాలు దుష్టశక్తులను రప్పిస్తుంది. అతన్ని ఆ గతికి తెచ్చింది ప్రాణస్నేహితుడైన గ్రిఫిత్. రాక్షసుడి కన్నా నమ్మినవాడి ఆశే ఎక్కువ కీడు చేస్తుంది. పెద్దల కోసం రాసిన కథ అంతదూరం పోగలిగింది. పిల్లల కోసం రాసిన దాసరి అంతదూరం పోలేదు. అయినా దుష్టుణ్ణి కేవలం భూతంగా కాక, ఏదో కావాలని తపించే మనిషిగా చూపడంలో దాసరి, మియురా ఇద్దరిదీ ఒకే బాట.

ఆక్షేపణలు

పిల్లల పత్రికలో ఇంత బీభత్సం తగదన్న మాట పత్రిక లోపలే వచ్చిందంటారు. 1960ల మధ్యలో ఈ సీరియళ్లకు విరామం ఇచ్చి బంకించంద్ర చటర్జీ ‘దుర్గేశనందిని’ని సీరియల్‌గా వేశారు. చక్రపాణికి రాక్షస కథలు విసుగనిపించడమే అందుకు కారణమనీ, పాఠకులు తగ్గడంతో మళ్లీ దాసరిని రాయమన్నారనీ ఒక కథనం ఉంది. మార్పు కోసమే అలా చేశారన్నది ఇంకో మాట. పాతాళదుర్గంతో వరుస తిరిగి మొదలై మరో పదేళ్లకు పైగా సాగడాన్నిబట్టి చూస్తే మొదటి కథనానికే బలం ఎక్కువ.

నేటి స్థితి

చందమామ అచ్చు సంచికలు 2010ల తొలి ఏళ్లలో ఆగిపోయాయి. దాసరి మరణానంతరం అభిమానుల చొరవతో కొన్ని సీరియళ్లు పుస్తకాలుగా వచ్చాయి. పాత సంచికలను సేకరించి భద్రపరచినవారి శ్రమ కూడా చిన్నది కాదు. నేటి తెలుగు పిల్లలకు ఈ తరహా కథ చాలావరకు ఇంగ్లీషు మాంగాగానే అందుతోంది. ‘డెత్ నోట్’, ‘చైన్‌సా మ్యాన్’, ‘క్లేమోర్’ వంటివాటిని ఇంగ్లీషులో ప్రచురించే విజ్ మీడియా పుస్తకాలను భారతదేశంలో పంపిణీ చేసేది సైమన్ అండ్ షూస్టర్ ఇండియా. ఒకప్పుడు మద్రాసు వడపళని నుంచి బయలుదేరిన మాంత్రికుడు ఇప్పుడు తోక్యోలో పుట్టి ఇంగ్లీషు మీదుగా హైదరాబాద్, విజయవాడ దుకాణాలకు చేరుతున్నాడు.

తెలుగులో కొత్తగా ఈ తరహా బొమ్మల కథ రాయదలచినవారికి పన్నెండు సీరియళ్లూ చదవదగ్గ పాఠ్యాలు. భయానికి నియమం, శక్తికి వెల, నమ్మీ నమ్మలేని తోడు, చెప్పినంత మేరకే చూపే బొమ్మ: ఈ నాలుగూ దాసరి, చిత్రా పాతికేళ్లపాటు నెలనెలా ఆచరించి చూపించినవే.