క్రేడ్లీ హీత్: నేను సగంలో వదిలేసిన కథ



ఈసారి కొంచెం పెద్ద వ్యాసం రాస్తున్నాను. నేను తెలుగు రాయడం, చదవడం యాభై ఏళ్ళు దాటాక సొంతంగా నేర్చుకున్నాను. అందుకే నా వాక్యాలు చిన్నవిగా ఉంటాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నేను పెరిగిన ఊరు క్రేడ్లీ హీత్. ఇంగ్లండు మధ్యలో, బర్మింగ్‌హామ్‌కి పడమటి వైపు ఉంటుంది. స్పెల్లింగు చూసి కొత్తవాళ్ళు 'క్రాడ్లీ' అంటారు. ఊరివాళ్ళు 'క్రేడ్లీ' అంటారు. ఎవరైనా ఆ పేరు పలకగానే ఈ ఊరివాళ్ళా కాదా అన్నది మాకు తెలిసిపోతుంది.

ఈ చుట్టుపక్కల ప్రాంతాన్ని బ్లాక్ కంట్రీ అంటారు. అంటే నల్ల దేశం. ఇక్కడ భూమిలో ముప్పై అడుగుల మందం బొగ్గు పొర ఉండేది. దానితో పాటు ఇనుప ఖనిజం, సున్నపురాయి, మట్టి కూడా దొరికేవి. ఇనుము తయారు చేయడానికి కావలసినవన్నీ ఒక్కచోటే ఉన్నాయన్న మాట. అందుకే ఊరూరా కొలిముల పొగ. ఆ పేరు బొగ్గు వల్ల వచ్చిందని కొందరు, పొగ వల్ల వచ్చిందని కొందరు అంటారు.

ఒక్కో ఊరికి ఒక్కో పని. ఒక ఊరు తాళాలకి, ఒక ఊరు మేకులకి, ఒక ఊరు జీన్లకి పేరు. మా ఊరు గొలుసులకి. పెద్ద ఓడల లంగరు గొలుసులు ఫ్యాక్టరీల్లో మగవాళ్ళు చేసేవారు. ఆవుల్ని, గుర్రాల్ని కట్టే సన్న గొలుసులు ఆడవాళ్ళు ఇంటి పెరట్లో చేసేవారు. పక్క ఊరు నెదర్టన్‌లో హింగ్లీ కంపెనీ 1911లో టైటానిక్ ఓడకి పెద్ద లంగరు తయారు చేసింది. ఆ లంగరుని డడ్లీ స్టేషనుకి లాక్కెళ్ళడానికి ఇరవై గుర్రాలు కట్టారు. ఆ ఫోటో మీరు చూసే ఉంటారు. కానీ ఈ రోజు నేను చెప్పేది సన్న గొలుసుల సంగతి.

మా నాన్నగారు డాక్టరు. తెనాలి దగ్గర పల్లెటూరు ఆయనది. 1965లో, నాకు నాలుగేళ్ళప్పుడు, ఆస్పత్రి ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాం. ఇంటి గోడకి ఇంటి గోడ ఆనుకుని ఉండే వీధిలో ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నాం. పక్కింట్లో ఒక ముసలావిడ ఒక్కతే ఉండేది. అమ్మ ఆవిడని 'మామ్మగారు' అనేది. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ ఆ మాటని తనకి నచ్చినట్టు 'మామ్‌గారో' అని మార్చుకుంది. ఎవరైనా అడిగితే అది తన ఇండియా పేరని చెప్పేది.

అమ్మకి అప్పటికి ఇంగ్లీషు పెద్దగా రాదు. మామ్మగారిది బ్లాక్ కంట్రీ యాస. అది లండన్ వాళ్ళకే అర్థం కాదు. అయినా ఇద్దరికీ స్నేహం కుదిరింది. దానికి కారణం రూబార్బ్. మామ్మగారి పెరట్లో రూబార్బ్ గుబురుగా పెరిగేది. ఎర్రటి కాడలు, మంచి పులుపు. ఇక్కడివాళ్ళు దానికి పంచదార వేసి వండుకుంటారు. అమ్మ ఒక కాడ కొరికి చూసి, "ఇది గోంగూరకి చెల్లెల్లా ఉందే!" అంది. ఆ సాయంత్రం మా ఇంట్లో రూబార్బ్ పప్పు. మరునాడు ఒక గిన్నె మామ్మగారికి. ఆవిడ తిని కళ్ళు తుడుచుకుని, "బోస్టిన్" అంది. అంటే 'బ్రహ్మాండం' అని. అమ్మకి వచ్చిన మొదటి బ్లాక్ కంట్రీ మాట అదే.

ఆ పెరట్లో రూబార్బ్ వెనక ఒక ఇటుకల కొట్టం ఉండేది. తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. ఒకసారి అమ్మ తొంగి చూసి, "అరె, కొలిమి!" అంది. లోపల ఒక పొయ్యి, గాలి ఊదే తిత్తి, ఇనప దిమ్మ ఉన్నాయి. అమ్మ వాళ్ళ ఊళ్లో నాగళ్ళు సాగదీసే కమ్మరి కొట్టంలో ఉన్న వస్తువులే.

1970లో తమ్ముడు పుట్టాడు. వాడికి ఉయ్యాల కట్టాలని అమ్మ పట్టు పట్టింది. నాన్నగారు దూలానికి కొక్కేలు బిగించారు. కానీ గొలుసులు? అమ్మ మామ్మగారికి చేతులతో సైగ చేసి చెప్పింది. మామ్మగారు కొట్టంలోకి వెళ్ళి రెండు గొలుసులు తెచ్చింది. తను వయసులో ఉన్నప్పుడు చేసినవట. లంకెలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి.

ఉయ్యాల కట్టాక మామ్మగారు పక్కన కూర్చుని ఏదో చెప్పడం మొదలుపెట్టింది. పావుగంట సేపు చెప్పింది. మధ్యలో ఒకసారి నవ్వింది, ఒకసారి బల్ల మీద చేత్తో గట్టిగా కొట్టింది. ఆవిడ ముంజేతుల మీద చిన్న చిన్న తెల్ల మచ్చలుండేవి. అవి చూపించింది. అమ్మ ఆవిడ మొహం చూస్తూ విని, నా వైపు తిరిగి, "ఏమంటున్నారే?" అని అడిగింది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నేను చెప్పిన తెలుగు ఇదీ: "వాళ్ళమ్మ కూడా గొలుసులు చేసేదట."

"అంతేనా? ఇంతసేపు చెప్పారు?"

"అంతే." నేను ఆడుకోవడానికి వెళ్ళిపోయాను.

బద్ధకం ఒక్కటే కారణం కాదు. నాకు మాటలు లేవు. అంతకు రెండేళ్ళ ముందు మా స్కూల్లో ఒక టీచరు నాన్నగారిని పిలిచి, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే అమ్మాయి వెనకబడుతుంది అని చెప్పింది. నాన్నగారు నమ్మారు. ఆ రోజు నుంచి ఇంట్లో అన్నం, నీళ్ళు, పడుకో, లే తప్ప తెలుగు లేదు. అమ్మ తనకి వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో నాతో కొద్దిగానే మాట్లాడేది. జీతం, యజమాని, సమ్మె లాంటి మాటలు నాకు తెలుగులో ఎవరూ చెప్పలేదు.

అదే టీచరు మామ్మగారి మునిమనవణ్ణి కూడా నిలబెట్టింది. వాడు 'యూ' అనడానికి బదులు 'యౌ' అన్నాడు. ఇక్కడివాళ్ళు తరతరాలుగా అలాగే అంటారు. సరిగ్గా మాట్లాడడం నేర్చుకో అని వాణ్ణి క్లాసు ముందు పదిసార్లు చెప్పించింది. నేను నవ్వాను. నా భాష, వాడి భాష ఒకే గది నుంచి బయటికి వెళ్ళిపోతున్నాయని నాకు తెలియలేదు.

మామ్మగారు 1974 చలికాలంలో పోయారు. కొట్టం పడగొట్టి కారు పెట్టుకోవడానికి చోటు చేశారు.

చాలా ఏళ్ళ తర్వాత మా పిల్లల్ని డడ్లీలోని బ్లాక్ కంట్రీ లివింగ్ మ్యూజియంకి తీసుకెళ్ళాను. అక్కడ గొలుసులు చేసి చూపిస్తారు. ఎర్రగా కాలిన చువ్వని వంచి, ముందు లంకెలో దూర్చి, కొసలు రెండూ కలిపి సుత్తితో కొడితే నిప్పురవ్వలు చేతుల మీద పడతాయి. ఆ మచ్చలు ఎలా వచ్చాయో అప్పుడు తెలిసింది. అక్కడే 1910 నాటి సమ్మె కథ కూడా విన్నాను. వింటుంటే 'పని', 'అమ్మ', 'పెట్టె', 'మేరీ' అని ఒక్కొక్క మాట గుర్తొచ్చింది. మామ్మగారు ఆ రోజు చెప్పింది ఇదే.

ఆ కథ ఇదీ.

పెరట్లో గొలుసులు చేసే ఆడవాళ్ళకి ఇనుము తెచ్చి ఇచ్చేదీ, గొలుసులు పట్టుకెళ్ళేదీ దళారులు. వాళ్ళ వాటా వాళ్ళు మింగేవారు. వారానికి యాభై గంటలకి పైగా పని చేసినా చాలామందికి చేతికి వచ్చేది ఐదారు షిల్లింగులు. కొలిమికి బొగ్గు ఖర్చు కూడా వాళ్ళదే. పసిపిల్లల్ని పెట్టెలో పడుకోబెట్టి, కొలిమి పక్కనే పెట్టుకుని పని చేసేవారు. మామ్మగారు కూడా అలాంటి పెట్టెలోనే పెరిగారట. ఉయ్యాల చూడగానే ఆ కథ ఎందుకు మొదలుపెట్టారో ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

1909లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. మరీ తక్కువ జీతాలున్న నాలుగు రకాల పనులకి కనీస వేతనం నిర్ణయించాలన్నది. అందులో గొలుసుల పని ఒకటి. ఆడవాళ్ళకి గంటకి రెండున్నర పెన్నీలు అని తేల్చారు. అప్పట్లో పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు. 54 గంటల వారానికి 11 షిల్లింగుల 3 పెన్నీలు. అంటే చాలామందికి దాదాపు రెట్టింపు.

కానీ చట్టంలో ఒక కన్నం ఉంది. పనివాళ్ళు తమంతట తాము ఒప్పుకుని సంతకం పెడితే, ఆరు నెలల పాటు పాత రేటే ఇవ్వొచ్చు. యజమానులు ఆ కాగితాలు పట్టుకొచ్చారు. చదువు రాని ఆడవాళ్ళు అదేమిటో తెలియకుండానే గుర్తు పెట్టేశారు. ఈ ఆరు నెలల్లో గొలుసులు నిలవ చేసుకుని, తర్వాత పని ఆపేయాలన్నది ఎత్తు.

అప్పుడు వచ్చింది మేరీ మెకార్థర్. గ్లాస్గోలో బట్టల కొట్టు యజమాని కూతురు. ఆడ కార్మికుల సంఘం నడిపేది. వయసు ముప్పై. ఆవిడ మాట విని, 1910 ఆగస్టు చివర ఎనిమిది వందల మంది దాకా ఆడవాళ్ళు కొలిములు ఆర్పేసి వీధిలోకి వచ్చారు. వాళ్ళలో పేషెన్స్ రౌండ్ అనే ఆవిడ వయసు 79. ముసలివాళ్ళు మెడలో గొలుసులు వేసుకుని నిలబడితే ఫోటోలు తీసి పత్రికలకి పంపారు. సినిమా అప్పటికి ఇంకా కొత్త. హాళ్ళలో ఈ సమ్మె న్యూస్ రీల్ కూడా వేశారు. దేశమంతా చందాలు వచ్చాయి. మొత్తం దాదాపు నాలుగు వేల పౌండ్లు.

వారాలు గడిచాయి. అక్టోబరు 22న చివరి యజమాని కూడా సంతకం పెట్టాడు. ఆడవాళ్ళు గెలిచారు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తర్వాత జరిగింది. చందాల్లో దాదాపు పదిహేను వందల పౌండ్లు మిగిలాయి. ఆ డబ్బుతో ఊళ్లో కార్మికుల కోసం ఒక భవనం కట్టించారు. 1912లో తెరిచారు. అక్కడ సభలు, చదువు, నాటకాలు జరిగేవి. నా చిన్నప్పుడు రోజూ ఆ భవనం ముందు నుంచే స్కూలుకి వెళ్ళేదాన్ని. ఒక్కసారీ తలెత్తి దాని పేరు చదవలేదు. తర్వాత దాన్ని ఇటుక ఇటుక విప్పి, డడ్లీ మ్యూజియంలో మళ్ళీ కట్టారు. ఊళ్లో ఇప్పుడు మేరీ మెకార్థర్ పేరున ఒక పార్కు, ఆవిడ విగ్రహం ఉన్నాయి.

తెలుగు నేర్చుకున్నాక నేను చేసిన మొదటి పెద్ద పని, ఈ కథ అమ్మకి చెప్పడం. 2013లో. అప్పటికి అమ్మకి డెబ్భై ఆరు. నేను ఒక కాగితం మీద రాసుకుని చదివాను. 'ఇనప దిమ్మ' అన్నాను. "దాగలి అంటారే" అంది అమ్మ. 'పట్టుకునేది' అన్నాను. "పట్టకారు." 'పెద్ద సుత్తి' అన్నాను. "సమ్మెట." ఇలా నా కథ మొత్తానికి అమ్మ మాటలు అతికించింది. అంతా విన్నాక నేను, "అమ్మా, ఆ రోజు నేను నీకు సరిగ్గా చెప్పలేదు" అన్నాను.

"నాకప్పుడే తెలుసు," అంది. "ఆవిడ చేతులు చూశాను కదా. కష్టం సంగతి తెలిసింది. గెలిచారన్నది మాత్రం ఇప్పుడే తెలిసింది." కాసేపాగి, "నలభై ఏళ్ళు జాలిపడ్డానే ఆవిడ మీద," అంది.

ఆ ఒక్క మాట నన్ను ఇప్పటికీ వదలదు. కష్టం మొహంలో కనిపిస్తుంది, చేతుల మీద కనిపిస్తుంది. గెలుపు మాత్రం ఎవరైనా నోటితో చెబితేనే తెలుస్తుంది. బల్ల మీద ఆ దెబ్బ కోపంతో కొట్టింది కాదు. గెలిచామని కొట్టింది.

అమ్మ 2017లో పోయింది. ఇప్పుడు నేను శనివారాలు టివిడేల్ బాలాజీ గుడిలో సేవ చేస్తాను. పులిహోరకి చింతపండు పిసకడం నా పని. గుడికి దగ్గర్లోనే పాత కాలువ ఒకటి వెళ్తుంది. అది 1858లో తెరిచిన సొరంగం గుండా నెదర్టన్ వైపు పోతుంది. గొలుసులూ బొగ్గూ పడవల మీద వెళ్ళిన దారి అది. ఇప్పుడు గుడికి వచ్చిన పిల్లలు ఆ గట్టు మీద బాతులకి రొట్టె వేస్తారు.

బ్లాక్ కంట్రీకి 2012 నుంచి సొంత జెండా ఉంది. పన్నెండేళ్ళ బడిపిల్ల గీసింది. దాని మధ్యలో గొలుసు ఉంటుంది. జూలై 14న ఊరంతా ఆ జెండాలే. ఆ రోజు కొట్లలో 'బోస్టిన్' అని రాసిన కప్పులు, చొక్కాలు అమ్ముతారు. మా క్లాసులో పదిసార్లు దిద్దించిన భాష అది.

ఉయ్యాల గొలుసులు మా గరాజులో ఉన్నాయి. తుప్పు పట్టాయి గానీ ఒక్క లంకె కూడా విడిపోలేదు. వచ్చే నెల మా మనవరాలు వస్తుంది. దానికి ఎనిమిదేళ్ళు. నూనె గుడ్డతో ఇద్దరం కలిసి తుడుస్తాం. తుడుస్తూ కొలిమి, తిత్తి, దాగలి, పట్టకారు, సమ్మెట అని ఐదు మాటలూ నేర్పుతాను. తర్వాత మామ్మగారి కథ చెప్తాను. ఈసారి పావుగంట పట్టినా మొత్తం చెప్తాను.