వెన్నుపాము, మూత్రాశయము

మా తిరువూరు ప్రాంతమున తాటిచెట్లకు కొదువ లేదు. నా చిన్ననాట ఒక గీతకార్మికుడు చెట్టుపైనుండి జారిపడి, నడుము క్రింద స్పర్శ లేక మంచము పట్టుట చూచితిని. కాళ్లు పడిపోయినవని అందరును విలపించిరి. కాని కొన్ని నెలలకు అతని ప్రాణము తీసినది మూత్రదోషము.

వెన్నుపాము చెడినచో, తిత్తి నిండినదను వార్త మెదడునకు చేరదు. విడువుమను ఆజ్ఞ తిత్తికి దిగదు. నిలిచిన మూత్రము చెడి, ఒత్తిడి ఎదురెక్కి మూత్రపిండములను పాడుచేయును. సుమారు 3,600 ఏండ్లనాటి ఈజిప్టు వైద్యపత్రమొకటి ఈ గాయమును చక్కగా వర్ణించియు, చికిత్స చేయదగనిదని విడిచిపెట్టినది. మొదటి ప్రపంచయుద్ధమున ఇట్లు గాయపడిన సైనికులలో పెక్కుమంది అనతికాలముననే మరణించిరి.

1944లో ఇంగ్లండునందలి స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్మన్ ఈ నిరాశను త్రోసివేసెను. 1948లో, మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడపిన పరిశోధనశాలనుండి ఆరియోమైసిన్ వెలువడి, మూత్రమార్గపు సూక్ష్మజీవులపై సైతము పనిచేసెను. 1972లో అమెరికా వైద్యుడు లాపిడెస్ చూపిన మార్గము మిక్కిలి సులభము: రోగియే చేతులు శుభ్రముగా కడుగుకొని, దినమునకు పలుమార్లు సన్నని గొట్టముతో మూత్రము తీసికొనుట. ఇంత చిన్న ఉపాయము లోకమునకు ఇంత ఆలస్యముగా తోచుట చిత్రమే!

ఇప్పుడు జీవకణములను వెన్నుపామున ఎక్కించు ప్రయత్నములు జరుగుచున్నవి. ఎలుకలలో కొంత మేలు కనబడినది. మనుష్యులలో మూత్రాశయము మరల స్వాధీనమగునని రుజువు కాలేదు. భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి నియమములలో, ఇట్టి గాయములకు దీనిని అనుమతి పొందిన పరీక్షలయందే చేయవలెనని చెప్పినది. కొడుకుకొరకు పొలమమ్మి ఆ సూదికై పోనున్న ఒక తండ్రికి నేనీ మాటయే చెప్పి, గొట్టము వాడుక నేర్పువారి చెంతకు పంపితిని.