దీవుల పెరట్లో కోడి చావు

అండమాన్, నికోబార్ దీవులు పాలనలో ఒకటే అయినా కోడి చరిత్రకు వచ్చేసరికి రెండు వేర్వేరు లోకాలు. వేట, తేనె, చేపల మీద బతికిన అండమాన్ ఆదివాసులకు కోళ్ల పెంపకం తెలియదు. అక్కడికి కోడి బయటినుంచి వచ్చి స్థిరపడినవారి వెంట, ముఖ్యంగా 1858 మార్చిలో పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే నేటి శ్రీ విజయపురంలో, శిక్షా స్థావరం ఏర్పడిన తరువాత చేరింది. నికోబార్‌లో అలా కాదు. అక్కడ కోడి పందితో పాటు ఇంటి సంపదలో భాగమై, కొబ్బరి చెట్ల కింద మేస్తూ, ఆ దారిన పోయే ఓడలవారితో జరిగిన వస్తుమార్పిడిలో కొబ్బరికాయల పక్కన చోటు సంపాదించుకుంది.

నికోబారీల సంప్రదాయంలో మనిషికి జబ్బు చేస్తే ఆత్మల ఆగ్రహమే కారణమని తలచి, ‘మెన్లువానా’ అనే వైద్యుడిని పిలిపించి, పందినో కోడినో బలి ఇవ్వడం ఆనవాయితీ. స్వాతంత్ర్యం తరువాత ఉత్తరాంధ్ర తీరం నుంచి ఈ దీవులకు వచ్చి స్థిరపడిన తెలుగువారు కూడా అమ్మవారికి కోడిని మొక్కుకునే అలవాటు ఉన్న ఊళ్లనుంచే వచ్చారు. 2011 జనగణన నాటికి దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగే. రెండు సమాజాలలోనూ మనిషి ప్రాణానికి బదులుగా నిలిచింది కోడి. ఆ కోడే ఒక ఉదయం గంప ఎత్తేసరికి కాళ్లు చాచి పడి ఉంటే, దాని చావుకు కారణం వెతకవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. దిష్టి అనో, పాము ముట్టిందనో అనుకుని ఊరుకోవడమే జరిగింది. ఈ ఉపేక్షే అసలు నష్టానికి మూలం, ఎందుకంటే కారణం అడగని చావు ఒక కోడితో ఆగదు.

కారణం అడిగిన కథ ఒకటి కుమావూ కొండలలో కనిపిస్తుంది. 1926లో జావాలోను, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లోను బయటపడిన ఒక వైరస్ వ్యాధి 1927లో ఆ కొండలలోని రాణీఖేత్‌లో కోళ్లను తుడిచిపెట్టడంతో దానికి మన దేశంలో ఆ ఊరి పేరే స్థిరపడింది. తెలుగు రైతులు దానిని కొక్కెర తెగులు అంటారు. వ్యాధి నెమ్మదిగా సాగితే కోడి నోరు తెరిచి ఎగశ్వాస తీయడం, ఆకుపచ్చగా పారడం, మెడ మెలితిరగడం, కాళ్లూ రెక్కలూ చచ్చుబడడం కనిపిస్తాయి. ఉధృతంగా వస్తే ఈ లక్షణాలేవీ బయటపడక ముందే, సాయంత్రం గింజలు తిన్న పెట్ట తెల్లారేసరికి చనిపోతుంది. అటువంటి కోడిని పశువైద్యుడు కోసి చూసినప్పుడు కందనకాయకు ముందుండే గ్రంథి సంచి లోపలి గోడ మీద సూదిమొనతో పొడిచినట్టు ఎర్రని రక్తపు చుక్కలు తరచుగా కనిపిస్తాయి. పెరటి కోడి ‘కారణం లేని’ చావుకు కారణం చాలాసార్లు ఆ చుక్కలలోనే ఉంటుంది.

అయితే ప్రతి హఠాన్మరణాన్నీ కొక్కెరకే అంటగట్టడం పొరపాటు. కోళ్ల కలరా అనే బాక్టీరియా వ్యాధి కూడా రాత్రికి రాత్రే చంపుతుంది; 1880 ప్రాంతంలో లూయీ పాశ్చర్ ప్రయోగశాలలో బలహీనపరచిన క్రిములతో టీకా తయారుచేసింది ఈ వ్యాధి మీదనే కాబట్టి, ఆధునిక టీకా శాస్త్రం కోడి చావునుంచే పుట్టిందనడం అతిశయోక్తి కాదు. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాకా వాన కురిసే ఈ దీవులలో బూజు మరొక శత్రువు. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష వరకు టర్కీ కోళ్లు అంతుపట్టకుండా చనిపోగా, బూజు పట్టిన వేరుశనగ చెక్కలోని అఫ్లటాక్సిన్ అనే విషం అందుకు కారణమని తేలింది. తడి తగిలి నిలవ ఉన్న కొబ్బరి చెక్కలోనూ ఆ విషం పుట్టగలదు.

కొక్కెరకు చికిత్స లేదు, టీకా ఉంది. 1940లలో ముక్తేశ్వర్ పరిశోధనాలయంలో రూపొందిన టీకాను ఎదిగిన కోళ్లకు ఇస్తారు; లసోటా వంటి తేలికపాటి టీకాలను మొదటి వారంలో పిల్లల కంటిలోనో ముక్కులోనో చుక్కగా వేస్తారు. దీవులలో చిక్కంతా దూరానిది. ప్రధాన భూభాగం నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి, మళ్లీ పడవల మీద చిన్న దీవులకు చేరేదాకా మందు చల్లగా ఉండాలి. ఒకసారి కలిపిన టీకాను గంటల వ్యవధిలో వాడేయాలి. ఒక సీసాలో వంద లేదా అంతకు మించిన మోతాదులు ఉంటే, ఒక ఇంటి పెరట్లో ఉండేవి పది కోళ్లు. పది ఇళ్లవారు ఒకే ఉదయం కలిసి రాకపోతే ఆ సీసా వ్యర్థమే. వేడిని తట్టుకునే ఐ-2 టీకా ఆస్ట్రేలియాలో తయారై ఆఫ్రికా, ఆసియా పల్లెలకు చేరడానికి కారణం సరిగ్గా ఇటువంటి ఇబ్బందులే.

నికోబారీలు ‘తక్నియెట్ హ్యుమ్’, అంటే పొట్టికాళ్ల కోడి, అని పిలిచే నికోబారీ జాతి ఈ కథలో ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. ఏడాదికి సుమారు 140 నుంచి 160 గుడ్లు పెట్టే ఈ కోడి దేశవాళీ జాతులలో అరుదైనది. రోగాలను తట్టుకునే శక్తి దీనికి ఎక్కువని పరిశోధకులు గుర్తించారు. 1978లో పోర్ట్ బ్లెయిర్‌లో స్థాపించిన కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ దీనిని సంరక్షించే పని చేపట్టింది. 2004 డిసెంబర్ 26 సునామీ నికోబార్ తీర గ్రామాలతో పాటు పందులనూ కోళ్లనూ మింగేసిన తరువాత, నికోబార్‌కు వెలుపల భద్రపరచిన ఆ విత్తనం విలువ మరింత స్పష్టమైంది. హైదరాబాద్‌లో రూపొందిన వనరాజా కోళ్లు కూడా తరువాతి కాలంలో దీవుల పెరళ్లకు చేరాయి.

2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ దేశంలో తొలిసారి నిర్ధారణ కావడంతో పెరటి కోడి చావు ఇంటి విషయంగా మిగలలేదు. అందువల్ల ఒక్క కోడి హఠాత్తుగా చనిపోయినా దానిని కూరకు కోయకూడదు, కాలువలో పారేయకూడదు. వట్టి చేతులతో తాకక, మిగతా కోళ్లను వేరుచేసి, దగ్గరి పశువైద్యశాలకు కబురు పెట్టి, వారు పరీక్ష అక్కరలేదన్న తరువాతే సున్నం చల్లి లోతుగా పూడ్చాలి.